కొండకోళ్లు తగ్గిపోతే తప్పు పురుగుదేనా?

పోయిన సంచికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, కొండల్లో బతికే వేట పక్షుల సంఖ్య పడిపోవడానికి పేగుల్లో పెరిగే పురుగులు కూడా ఒక కారణమని ఒక్క ముక్క రాశాను. దాని మీద గుంటూరు, విజయవాడ, పల్నాడు వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. కోళ్ల డాక్టరుగా ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి ఈ విషయం నా మనసుకు దగ్గరిది, అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా అబ్బాయి ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ కొండల మీద నడుస్తుంటే చిన్న చిన్న పెట్టెల్లో రాళ్లరవ్వ పోసి కనిపించిందట. అవి అడవి పక్షులకు పురుగుల మందు అని అక్కడివాళ్లు చెప్పారట. అడవి పక్షికి మందు వేయడమేంటమ్మా, వాడు మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడా? నిజమే అయితే మన నల్లమల అడవికోళ్లకు కూడా అలా పెట్టొచ్చు కదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజమే మాస్టారూ, మీవాడు ఆటపట్టించడం లేదు. అక్కడ రెడ్ గ్రౌస్ అని ఒక పక్షి ఉంది. మన అడవికోడి కంటే చిన్నది, ఎర్రమట్టి రంగులో ఉంటుంది, కాళ్ల మీద గోళ్ల దాకా ఈకలుంటాయి. స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో చెట్లు లేని చలికొండల మీద హెదర్ అనే పొట్టి పొద మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. ఈ పక్షి తినేది ఆ పొద చిగుళ్లే, గూడు కట్టేది దాని కిందే, గద్ద వస్తే దాక్కునేది కూడా దాని చాటునే. ఏటా ఆగస్టు 12న దీని వేట మొదలవుతుంది, వేటకు వచ్చేవాళ్ల దగ్గర కొండల యజమానులకు మంచి డబ్బు వస్తుంది, అందువల్ల ఏ కొండ మీద ఏ ఏడు ఎన్ని పక్షులు పడ్డాయో రాసిపెట్టుకున్న పుస్తకాలు వందేళ్లకు పైగా ఉన్నాయి. అవి తిరగేస్తే ఒక సంగతి కనపడుతుంది. నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో పక్షులు బాగా పెరిగి, ఒక్కసారిగా కుప్పకూలిపోతాయి. మళ్లీ పెరుగుతాయి, మళ్లీ కూలతాయి.

1873లోనే కాబోల్డ్ అనే శాస్త్రవేత్త చచ్చిన గ్రౌస్‌ల పేగుల్లో సన్నటి పురుగుల్ని చూసి రాశాడు. తర్వాత దీని మీద ఒక పెద్ద విచారణ సంఘమే వేశారు. దాని కోసం పక్షుల్ని కోసి చూసిన ముఖ్యుడు ఎడ్వర్డ్ విల్సన్, 1912లో స్కాట్ అనే ధ్రువ అన్వేషకుడితో పాటు దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన డాక్టరు ఈయనే. రెండు వేల దాకా పక్షుల్ని కోసి చూశాడు. 1911లో నివేదిక అచ్చయ్యేటప్పటికి ఆయన అంటార్కిటికాలో ఉన్నాడు.

ఆ పురుగు పేరు ట్రైకోస్ట్రాంగైలస్ టెన్యుయిస్. అది ఉండే చోటు చెబుతాను, కోడిని కోసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట రెండు వైపులా రెండు గొట్టాలు వేలాడుతుంటాయి, రెండింటికీ చివర మూసుకునే ఉంటుంది. వాటినే గుడ్డిపేగులంటాం. నాటుకోడిలో అవి జానెడు దాకా ఉంటాయి. గ్రౌస్ తినేది నారపొద కాబట్టి, దాన్ని పులియబెట్టి అరిగించుకోవడానికి దానికి గుడ్డిపేగులు చాలా పొడుగు. ఈ పురుగులు అందులో వేల సంఖ్యలో కాపురం పెడతాయి. ఒక్కొక్కటి సెంటీమీటరు కూడా ఉండదు, వెంట్రుక కంటే సన్నం, గోడలోకి తలదూర్చి రక్తం కారేలా చేస్తాయి. గుడ్డు పక్షి రెట్టతో బయటపడుతుంది. మీ ఇంట్లో కోళ్లుంటే గమనించే ఉంటారు, మామూలు రెట్టలతో పాటు అప్పుడప్పుడు ముదురు గోధుమరంగులో జిగటగా, గట్టి వాసనతో ఒక రెట్ట వేస్తాయి. అది గుడ్డిపేగు నుంచి వచ్చేది. గ్రౌస్‌లో పురుగు గుడ్లుండేది ఆ జిగట రెట్టలోనే. నేల తడిగా, కాస్త వెచ్చగా ఉంటే గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటికొచ్చి, హెదర్ కొమ్మ మీద తేమ వెంట పాక్కుంటూ చిగురు దాకా ఎక్కుతుంది. పక్షి ముక్కుతో గిల్లేది ఆ చిగురునే. ఇంకో జంతువు ద్వారా రావాల్సిన పనే లేదు. తిండే రోగాన్ని కడుపులోకి మోసుకెళుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి చూసిన పెట్టె సంగతి. పక్షికి పళ్లుండవు, కందనకాయలో తిండి నలగడానికి రాళ్లరవ్వ మింగాలి. హెదర్ కొండల మీద పక్షులు పలుగురాయి రవ్వ వెతుక్కుని మరీ తింటాయి. అందుకని ఆ రవ్వకు కొవ్వు పూసి, ఆ కొవ్వులో పురుగుల మందు కలిపి పెట్టెల్లో పోస్తారు. వేటకు కనీసం 28 రోజుల ముందు మందు రవ్వ తీసేయాలని నియమం ఉంది, ఎందుకంటే వేటాడిన పక్షి తినే పళ్లెంలోకే వెళుతుంది.

మన నల్లమలలో పెట్టొచ్చా అంటే, నా జవాబు వద్దనే. వాళ్లు పెట్టేది ఒక్క పక్షి కోసం, ఒక్క పొద ఉన్న కొండ మీద, చదరపు కిలోమీటరులో వందల పక్షులుండేలా పెంచి, వేటాడటానికి. మన అడవికోడి వెదురు కింద, పొదల్లో, వాగు ఒడ్డున చిన్న చిన్న గుంపులుగా బతుకుతుంది. గింజలు, పళ్లు, చెదలు, పురుగులు అన్నీ తింటుంది, ఒకే చోట ఒకే చిగురు మీద పడి ఉండదు. మందు పెట్టె పెడితే ఎక్కడెక్కడివో పక్షులన్నీ ఒక చోటికి చేరతాయి, అప్పుడు లేని రోగాన్ని కూడా పంచుకుంటాయి. ఇంగ్లండ్‌లోనే 2010లో గ్రౌస్‌ల కళ్లు ఉబ్బిపోయే కొత్త జబ్బు ఒకటి బయటపడింది, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి వల్ల. అందరూ ముక్కుపెట్టే ఆ పెట్టెలే దాన్ని పంచుతున్నాయేమో అన్న అనుమానం అక్కడి నిపుణులకే ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను జువాలజీ పీజీ చేస్తున్నాను. గ్రౌస్ సంఖ్య పెరిగి పడిపోవడానికి పరాన్నజీవులే కారణమని ఒక పుస్తకంలో ఉంది, మగపక్షుల హద్దుల గొడవలే కారణమని ఇంకో దాంట్లో ఉంది. పరీక్షలో ఏది రాయాలో టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: రెండూ రాయమ్మా, ఎందుకో కూడా రాయి, మార్కులు అక్కడే ఉన్నాయి.

పురుగుల పక్షం వాదన 1998లో సైన్స్ పత్రికలో వచ్చింది. హడ్సన్, డాబ్సన్, న్యూబోర్న్ ఉత్తర ఇంగ్లండ్‌లో ఆరు చోట్ల పనిచేశారు. సంఖ్య కూలుతుందని లెక్కవేసిన ఏళ్లలో, అంటే 1989లో, 1993లో, కొన్ని కొండల మీద రాత్రిపూట లైటు వేసి వలలతో పక్షుల్ని పట్టి నోట్లో మందు పోసి వదిలారు, మిగతా కొండల్ని అలాగే వదిలేశారు. మందు పడని చోట సంఖ్య ఎప్పటిలాగే కూలింది. పడిన చోట ఆ కూలడం బాగా తగ్గింది. ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, ఈ పురుగు పక్షిని వెంటనే చంపడం తక్కువ, పెట్ట ఒంట్లో సత్తువ లాగేసి గుడ్లు, పిల్లలు తగ్గేలా చేయడం ఎక్కువ. పైగా పక్షులు ఎక్కువైన ఏడు నేల మీద పడ్డ గుడ్లు పురుగులై దెబ్బకొట్టేది ఆ తర్వాతే. ఈ ఆలస్యమే ఊయల ఊపుతుంది. వెంటనే దెబ్బపడితే సంఖ్య ఒక మట్టం దగ్గర ఆగిపోయేది. ఆలస్యంగా పడుతుంది కాబట్టి అప్పటికే పక్షులు హద్దు దాటి పెరిగి ఉంటాయి.

గొడవల పక్షం వాదనకు 2003లో నేచర్ పత్రికలో మూజో బృందం ఆధారం చూపించింది. శరదృతువులో ముసలి పుంజులకు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ అమర్చితే అవి ఇంకా కయ్యానికి కాలుదువ్వి పెద్ద హద్దులు పట్టుకున్నాయి, కుర్ర పుంజులకు చోటు దొరకలేదు, మరుసటి ఏడు సంఖ్య పడిపోయింది. ఇక్కడే రెండు దారులూ కలుస్తాయి: టెస్టోస్టెరాన్ పెరిగిన పుంజుల్లో పురుగులు కూడా పెరిగాయని తర్వాత తేలింది. కొట్లాటకు ఖర్చుపెట్టిన ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుంది మరి.

ఇంకొక్కటి చేర్చు, చాలామంది రాయనిది. వాసన పట్టే వేటకుక్కల్ని కొండ మీద వదిలి చూస్తే, పురుగుల మందు పడిన పెట్టల్ని అవి తక్కువగా కనిపెట్టగలిగాయి. గుడ్లు పొదిగే కాలంలో పెట్ట ఒంటి వాసన బయటికి రాకుండా జాగ్రత్తపడుతుంది, పురుగులు పట్టిన పెట్టకు అది చేతకాదు. అంటే నక్క తిన్న పక్షిని నక్క ఖాతాలో రాస్తాం గానీ, దాన్ని నక్కకు పట్టించింది గుడ్డిపేగులోని పురుగు కావచ్చు. అందుకే ఒక పక్షి చావుకి ఒకే కారణం రాసే అలవాటు నాకు నచ్చదు.

ఐస్‌లాండ్‌లో రాక్ టార్మిగన్ అనే మంచుకోడి మీద జరిగిన పనిని కూడా ఒక వాక్యంలో ప్రస్తావించు. అక్కడ పురుగు కాదు, మన కోళ్లకు రక్త విరేచనాలు తెచ్చే కాక్సీడియా రకానికే చెందిన ఐమీరియా అనే సూక్ష్మజీవి. పక్షుల సంఖ్య వెనకే ఏడాదిన్నర ఆలస్యంగా దాని ఉధృతి కూడా పెరిగి తగ్గుతూ వచ్చింది. అదే ఆలస్యం కథ.

ప్రశ్న: అమ్మా, మాకు వందకు పైగా గొర్రెలున్నాయి. కొండ మీదికి తోలుకెళితే పిడుదులు పట్టుకొస్తున్నాయి. ఇవి అడవి పక్షులకు కూడా హాని చేస్తాయా?
— ఒక గొర్రెల కాపరి, వినుకొండ

జవాబు: చేస్తాయి నాయనా. స్కాట్లండ్ కొండల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది, అక్కడ కూడా గొర్రెలే, అక్కడ కూడా పిడుదులే. వాటిలో లూపింగ్ ఇల్ అనే వైరస్ ఉంటుంది. గొర్రెకు మెదడువాపు తెస్తుంది, గ్రౌస్‌కు మరీ ప్రమాదం. ప్రయోగాల్లో ఆ వైరస్ సోకిన పక్షుల్లో నూటికి దాదాపు ఎనభై చనిపోయాయి. పక్షి పిల్లల కనురెప్పల చుట్టూ, ముక్కు మొదట్లో పిడుదులు వరసగా అంటుకుని ఉంటాయి. పిల్లలు ఆ పిడుదుల్నే పురుగులనుకుని తినేసి వైరస్ తెచ్చుకుంటాయి కూడా.

అక్కడివాళ్లు చేసే పని మీకూ పనికొస్తుంది. గొర్రెల ఒంటికి పిడుదుల మందు పూసి కొండకు తోలతారు, ఒకప్పుడు టీకా కూడా వేసేవారు. పిడుదు గొర్రెను పట్టుకుని చచ్చిపోతుంది, ఆ మేరకు కొండ మీద తగ్గుతుంది. కానీ అక్కడ జింకలు, కొండ కుందేళ్లు కూడా ఉంటే ఈ ఉపాయం అంతగా పారదు, వాటికి మందు పూసేవాళ్లు ఎవరూ లేరు. మన వైపు ఆ వైరస్ సంగతి కాదు గానీ, పిడుదు వల్ల మీ గొర్రెలకు వేరే జ్వరాలొస్తాయి. పశువుల ఆసుపత్రిలో అడిగి మందు నీళ్లలో ముంచి తీయండి. వాడిన మందు నీళ్లు మాత్రం వాగులో పోయొద్దు, మీకు పుణ్యముంటుంది.

ప్రశ్న: ఆంటీ, దోమలు పక్షుల్ని కూడా కుడతాయా? ఈకలుంటాయి కదా?
— ఏడో తరగతి అబ్బాయి, తెనాలి

జవాబు: మంచి ప్రశ్న అడిగావు కన్నా. కుడతాయి. ఈకలు లేని చోట్లు చూసుకుని కుడతాయి, కంటి చుట్టూ, కాళ్ల మీద, తురాయి మీద. మీ ఇంటి దగ్గర కోడి ఉంటే సాయంత్రం గూట్లోకి వెళ్లాక టార్చి వేసి చూడు, తురాయి చుట్టూ దోమలు ముసురుతుంటాయి.

అమెరికాలో అప్పలేచియన్ కొండల్లో రఫ్డ్ గ్రౌస్ అని ఒక పక్షి ఉంది. వసంతంలో పుంజు ఒక దుంగ మీద నిలబడి రెక్కలు టపటపా కొడితే దూరానికి డప్పులాగా వినిపిస్తుంది. పెన్సిల్వేనియా రాష్ట్ర పక్షి అదే. 1999లో న్యూయార్క్‌లో వెస్ట్ నైల్ అనే వైరస్ మొదటిసారి అమెరికాలోకి వచ్చింది. అది దోమల ద్వారా పక్షులకు, పక్షుల నుంచి దోమలకు తిరుగుతుంది. తర్వాతి ఏళ్లలో ఈ గ్రౌస్ సంఖ్య పడిపోతుంటే పెన్సిల్వేనియాలోని వన్యప్రాణి శాఖవాళ్లు అడవిలో గుడ్లు సేకరించి, పిల్లల్ని పొదిగించి ప్రయోగశాలలో పరీక్షించారు. వైరస్ ఎక్కించిన వాటిలో పదింట నాలుగు కొద్ది రోజుల్లో చనిపోయాయి, ఇంకో నాలుగింటికి గుండె లాంటి అవయవాలు దెబ్బతిన్నాయి.

నువ్వు పెద్దయ్యాక ఆలోచించాల్సిన ముక్క ఒకటి చెబుతాను. ఆ పక్షికి బాగా ముదిరిన పెద్ద అడవి పనికిరాదు. చెట్లు కొట్టాక మళ్లీ మొలిచిన, అయిదు నుంచి ఇరవై ఏళ్ల వయసున్న గుబురు అడవి కావాలి, అక్కడే పిల్లలకు దాక్కునే చాటు ఉంటుంది. అలాంటి చోటు పుష్కలంగా ఉంటే వైరస్ వచ్చిన ఏడు దెబ్బతిన్నా మళ్లీ పిల్లల్ని పెంచి కోలుకుంటాయి. చోటు లేకపోతే ఒక దెబ్బకే పడిపోయి లేవవు.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా చేను అడవి అంచున ఉంది. రెండొందల నాటుకోళ్లు, కొన్ని టర్కీలు, గిన్నెకోళ్లు వదిలి పెంచుతున్నాను. పొద్దున్నే అడవికోళ్లు, నెమళ్లు వచ్చి మా కోళ్లతో కలిసి గింజలు తింటున్నాయి. వాటి రోగాలు మా కోళ్లకు వస్తాయని మా బావమరిది భయపెడుతున్నాడు.
— ఒక రైతు, మాచర్ల దగ్గర

జవాబు: మీ బావమరిది గారు ఒక వైపే చూస్తున్నారండీ. నాకు రెండో వైపు భయం ఎక్కువ, మీ కోళ్ల రోగాలు అడవిలోకి పోతాయని. ఒక చోట రెండొందల కోళ్లున్న నేల మీద ఉన్నన్ని పురుగు గుడ్లు కొండ మీద ఎక్కడా ఉండవు.

నేను కోసి చూసిన నాటుకోళ్లలో గుడ్డిపేగు చివర చీరితే తెల్లటి పురుగులు కదులుతూ కనిపించడం మామూలు సంగతి. హెటెరాకిస్ అంటాం. కోడికి వాటి వల్ల పెద్ద బాధ ఉండదు. బాధంతా వాటి గుడ్డులో కూర్చుని వచ్చే హిస్టోమోనాస్ అనే ఇంకో జీవితో. పురుగు గుడ్డు రెట్టతో మట్టిలో పడితే ఏళ్ల తరబడి చావదు. వానపాము దాన్ని మింగుతుంది, వానపామును పక్షి తింటుంది. కోడి తట్టుకుంటుంది. టర్కీ తట్టుకోలేదు: రెట్ట గంధకం రంగులో పసుపు పచ్చగా మారుతుంది, కాలేయం మీద గుండ్రటి మచ్చలు పడతాయి, చూస్తుండగానే మంద పోతుంది. నెమలికి కూడా ఈ జబ్బు వస్తుంది. కాబట్టి కోళ్లనూ టర్కీలనూ ఒకే నేల మీద వదలడం ముందు మానేయండి, ఇది మీ డబ్బు కోసం చెబుతున్నాను. నెమలి కోసం కూడా.

అమెరికాలో హీత్ హెన్ అని ఒక నేలకోడి ఉండేది. జనం వేటాడి, పొదలు కొట్టేసి, 1870 తర్వాత ఒకే ఒక్క దీవిలో మిగిలింది. 1908లో దానికి రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశాక వందల్లోకి, ఆ పైన రెండు వేల దగ్గరికి పెరిగింది. 1916లో పెద్ద మంట, ఆ చలికాలం గద్దలు, ఆ తర్వాత పెంపుడు టర్కీల నుంచి వచ్చిన ఇదే జబ్బు. ఆఖరి పుంజు 1932లో కనిపించి మళ్లీ కనపడలేదు. ఒక్క దీవిలో కాకుండా పది చోట్ల ఉండి ఉంటే ఆ జబ్బు ఒక చోట చంపినా తొమ్మిది చోట్ల బతికేది. రోగం ఎప్పుడూ ఉంటుంది, పారిపోవడానికి చోటు ఉందా లేదా అన్నదే తేడా.

మీరు చేయాల్సినవి చెబుతాను. కొక్కెర తెగులుకు టీకా తప్పనిసరి, పిల్లలకు మొదటి వారంలో లసోటా కంటి చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టూబీ ఇంజెక్షన్. గింజలు బయట చల్లకుండా షెడ్డులోపల తొట్టెలో పెట్టండి, అడవి పక్షులు రావడం దానంతట అదే తగ్గుతుంది. చచ్చిన కోడిని కంపలోకి విసిరేయడం మన ఊళ్లలో అలవాటు, అది మానుకుని సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కాలవల్లో చచ్చిన కోళ్లను పారేసినవాళ్లున్నారని విన్నాక నాకు నిద్రపట్టలేదు.

అడవి పుంజు మీ పెట్టలతో కలుస్తోందా అని మీరు అడగలేదు గానీ, మీ పరిస్థితిలో అది జరిగే పనే. అడవికోడి జాతిలోకి నాటుకోడి కలిసిపోతే దాని అడవితనం పలచబడుతుంది. ఇదివరకు ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా జరిగింది. మన కోళ్ల కాళ్లకు, చర్మానికి ఉన్న పసుపు రంగు జన్యువు మన దక్షిణాది బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేల్చారు.

ప్రశ్న: అడవికోడి మాంసం తింటే ఆ పురుగులు మనకు వస్తాయా?
— పేరు రాయలేదు, సత్తెనపల్లి

జవాబు: గుడ్డిపేగు పురుగులు పక్షివే, మనిషికి రావు. కానీ అడవికోడిని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అమ్మేవాళ్ల దగ్గర కొనడం కూడా నేరమే. తినొద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా చిన్నప్పుడు కొండవీడు కొండ కింద తెల్లారేసరికి కౌజుల అరుపులు చెవులు హోరెత్తించేవి. ఇప్పుడు అప్పుడొకటి ఇప్పుడొకటి. వీటికి కూడా ఏదైనా పురుగు రోగం వచ్చిందంటారా?
— ఒక గృహిణి, ఫిరంగిపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే మన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఇదే, అందరూ రోగం మీదికే పోతారు.

ముందు కౌజు పిల్ల ఏం తింటుందో చూద్దాం. పెద్ద కౌజు గింజలు తింటుంది. పిల్లకు మొదటి వారాల్లో గింజ అరగదు, ఎదగడానికి మాంసకృత్తులు కావాలి, దానికి చెదలు, చీమలు, చిన్న చిన్న పురుగులే కావాలి. ఇంగ్లండ్‌లో దీనికి చుట్టమైన గ్రే పార్ట్రిడ్జ్ మీద ససెక్స్ కొండ పొలాల్లో దశాబ్దాల పాటు లెక్కలు తీశారు. కలుపు మందులు వచ్చాక గట్ల మీద కలుపు పోయింది, కలుపు మీద బతికే పురుగులు పోయాయి, పిల్లలు ఆకలితో చనిపోయాయి. పెద్ద పక్షికి మందు తగల్లేదు, రోగం రాలేదు. అయినా ఆ దేశంలో ఆ పక్షి 1960ల నుంచి ఇప్పటికి నూటికి తొంభైకి పైగా తగ్గిపోయింది.

ఇప్పుడు మన వైపు చూడండి. కొండ కింద పత్తి, మిర్చి. మిర్చికి ఎన్నిసార్లు మందు కొడతామో మీకు నేను చెప్పాలా. కోత అయ్యాక మిగిలిన కట్టెకు నిప్పు పెడతాం. ఒకప్పుడు చేనుకీ చేనుకీ మధ్య రేగు, బలుసు, కలివి పొదలతో గట్టు ఉండేది, కౌజు గుడ్లు పెట్టేది దాని కిందే. ఇప్పుడు గట్టు చదును చేసి ఒక సాలు ఎక్కువ వేస్తున్నాం. పొద మిగిలిన చోట చిల్లకంప కమ్మేసింది, దాని కింద గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే చెదలు, చీమలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఊరి కుక్కలు చేలల్లో తిరిగి గూళ్లు తవ్వేస్తాయి. వీటన్నిటి తర్వాత మిగిలిన నాలుగు కౌజులూ ఉన్న ఒక్క పొదలోనే రాత్రిళ్లు కూర్చుంటాయి, అక్కడే రెట్ట వేస్తాయి, అక్కడే తింటాయి. పేగు పురుగు అప్పుడొస్తుంది. చోటు తగ్గితే పక్షులు తగ్గుతాయి కాబట్టి రోగమూ తగ్గుతుందనుకుంటాం, కానీ మిగిలినవి ఇరుకులో కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఒక్కొక్క పక్షి మీద పడే పురుగుల బరువు పెరుగుతుంది. చచ్చిన పక్షిని కోసి చూస్తే పురుగే కనపడుతుంది. కొట్టేసిన గట్టు కనపడదు.

పొద విలువ ఎంతో తెలియాలంటే కడప జిల్లా కలివికోడిని చూడాలి. 1848లో జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త దాన్ని లోకానికి చెప్పాడు, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో లంకమల అడవి దగ్గర పలచటి పొదల్లో మళ్లీ దొరికింది. ఒక రకం పొద, ఒక రకం ఎడం ఉన్న నేల ఉంటేనే అది ఉంటుంది. ఆ ఎడం పూడిపోయినా, పొద కొట్టేసినా ఉండదు. దానికి ఏ మందు పెట్టె పెట్టి కాపాడతాం?

మీ ఇంటివాళ్లకి చేను ఉంటే ఒక్క గట్టు వదిలిపెట్టమని చెప్పండి. రెండు బారల వెడల్పు చాలు. దాని మీద మందు పడకుండా చూడమనండి, నిప్పు పెట్టొద్దనండి. రెండు మూడు వానాకాలాలు గడవనివ్వండి.

ప్రశ్న: కొండపల్లి అడవి వైపు ఆదివారాలు పక్షుల్ని చూడటానికి వెళతాం. పోయిన నెల దారి పక్కన ఒక నెమలి, కొంచెం దూరంలో ఇంకోటి చచ్చిపడి ఉన్నాయి. ఏం చేయాలో తెలియక వచ్చేశాం. ఏం చేసి ఉండాల్సింది?
— నలుగురు మిత్రులు, భవానీపురం, విజయవాడ

జవాబు: ముట్టుకోకుండా వచ్చేశారు, అది మంచి పని. నెమలి మన జాతీయ పక్షి, చట్టంలో అత్యున్నత రక్షణ ఉన్నది, దాని కళేబరంలో ఏ ముక్క సంచిలో వేసుకున్నా చిక్కే. ఈసారి కనపడితే దూరం నుంచే ఫొటోలు తీయండి: పక్షి పడిన తీరు, చుట్టూ ఉన్న నేల, దగ్గర్లో చేను ఉంటే ఆ చేను, మందు డబ్బా ఏదైనా పడి ఉంటే అది కూడా. ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకుని వెంటనే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. ఒకటి కంటే ఎక్కువ పక్షులు ఒకే చోట పడి ఉన్నాయని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఒక్క పక్షి చావు వేరు, రెండు మూడు కలిసి చావడం వేరు, అది విషం కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు.

ఎండలో పడి ఉన్న పక్షి కొన్ని గంటల్లో కుళ్లిపోతుంది, కుళ్లాక పేగుల్లో ఏముందో తేల్చడం కష్టం. అందుకే ఆలస్యం వద్దు. వాళ్లు వచ్చి పశువైద్యులతో పోస్ట్‌మార్టం చేయిస్తారు. మనకు గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళతాయి. నమూనా తీసేటప్పుడు గుడ్డిపేగుల్ని కూడా తీసి చూడమని అడగండి, చాలాసార్లు కాలేయం, గుండె చూసి వదిలేస్తారు. ఇంటికి రాగానే చెప్పులు సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి, మీలో ఎవరింట్లోనైనా కోళ్లుంటే ఆ చెప్పులతో గూటి దగ్గరికి వెళ్లొద్దు.